ఆరవ అర

సేకరణ యొక విచిత్రమైన వ్యసనము. తపాలాబిళ్ళలు కూర్చువానికి, పాత నాణెములు కూర్చువానికి, తాళపత్రములు కూర్చువానికి ఏదో యొకనాడు ఒకే ప్రశ్న యెదురగును. ఉన్నవి చాలవా, ఇంకొకటి యెందులకు? నాణెముల విషయమున తప్పు సమాధానము చెప్పుకొన్నను పోవునది కొంత ధనము మాత్రమే. తుపాకుల విషయమున అట్లు కాదు. అచ్చట ఒక వస్తువు పెరుగుట యనగా ఇంటిలో ఒక ప్రమాదము పెరుగుట. అందుచేత ఆ ప్రశ్నను సేకర్తలకే విడిచిపెట్టుటకు వీలులేదు.

ఈ ప్రశ్న తరచుగా వినవచ్చు దేశము అమెరికా. అచ్చట చేతితుపాకులు కూర్చుట పలువురకు గౌరవప్రదమైన అభిరుచి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబములు నేడు అనేకము గనుక, అది తెలుగువారి గుమ్మమునకు మిక్కిలి దూరమైన విషయమును కాదు. అట్టి సేకర్త నొకనిని భావించుకొనవచ్చును. అతని ఇనుపబీరువాలో, బ్రౌనింగు రూపొందింపగా అమెరికా సైన్యము 1911లో స్వీకరించిన పిస్తోలు కలదు. జర్మను సైన్యము 1908లో చేపట్టిన లూగరు కలదు. 1938 నాటి వాల్తరు కలదు. అన్నియు పిడిలోని పెట్టెనుండి తూటాను తామే పైకి తెచ్చుకొను పిస్తోళ్ళు. రివాల్వరు మాత్రము లేదు. ఇప్పుడు ఒక పాత కోల్టు రివాల్వరు అమ్మకమునకు వచ్చినది. కొనవలెనా, మానవలెనా?

కొనవద్దను వారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. రివాల్వరు కాలము చెల్లిన ఆయుధము. ఆరు తూటాలు పేల్చిన పిమ్మట అరలను మరల నింపుకొనవలెను. అమెరికా పోలీసులలో అధికభాగము 1980, 1990 దశకములలోనే దానిని విడిచి పిస్తోలును చేపట్టిరి. న్యూయార్కు నగర పోలీసులు 1993లో ఆ మార్పు నారంభించి, 2018 నాటికి కడపటి రివాల్వర్లను కూడ ప్రక్కన పెట్టిరి. పోలీసులే వదలినదానిని గృహస్థుడు తెచ్చుకొని యేమి చేయును? ఈ వాదములో ఒక పొరపాటు కలదు. ఇది ఆయుధము పట్టువాని ప్రశ్నకు సమాధానమే కాని, ఆయుధములు కూర్చువాని ప్రశ్నకు సమాధానము కాదు. నేటి వాడుకలో లేదను కారణమున నన్నయభట్టును గ్రంథాలయమునుండి తొలగించు ఉపాధ్యాయుడు ఉండడు గదా!

రివాల్వరునకు గల చరిత్ర సామాన్యమైనది కాదు. 1830లో శామ్యూల్ కోల్టు అను పదునారేండ్ల బాలుడు కోర్వో అను ఓడలో కలకత్తాకు పయనమయ్యెను. ఆ పయనములోనే తిరుగుడు తుపాకి ఊహ అతనికి తట్టినదనియు, కొయ్యతో నమూనా చెక్కెననియు చెప్పుదురు. 1836 ఫిబ్రవరి 25న అతడు అమెరికాలో పేటెంటు పొందెను. పాటర్సను పట్టణమున పెట్టిన కర్మాగారము కొలది యేండ్లకే మూతపడెను. మెక్సికో యుద్ధకాలమున, 1847లో, సైన్యము వేయి రివాల్వర్లు కోరుటతో అతని దశ తిరిగెను. 1873లో వెలువడిన కోల్టు రివాల్వరు ‘పీస్‌మేకరు’ అను పేరు మోసినది. చంపు పనిముట్టునకు శాంతిదూత యని పేరు పెట్టుట మానవునకే చెల్లినది. ఆంగ్లేయ సైన్యము 1887లో స్వీకరించిన వెబ్లీ రివాల్వరు, అధికారుల నడుములకు వ్రేలాడుచు భారతదేశమునకును వచ్చినది.

అంతకుముందు చేతితుపాకి ఒకసారి పేలిన పిమ్మట మందు కూరి, గుండు దించి, మరల సిద్ధపరచుకొనవలసియుండెను. ఆ వ్యవధిలో ఎదుటివాడు పారిపోవచ్చును, మాటాడవచ్చును, క్షమాపణ వేడవచ్చును. గుండ్రని ఉక్కుదిమ్మలో ఆరు అరలు తొలిచి, సుత్తి లేచినప్పుడెల్ల ఒక్కొక్క అర గొట్టమునకు ఎదురుగా వచ్చునట్లు చేయుటతో ఆ వ్యవధి నశించెను. చెప్పుటకు చిన్న మార్పు. మానవుని కోపమునకును, దాని ఫలమునకును మధ్యనున్న ఎడము తగ్గిపోయినది. 1836 నుండి 1911 వరకు గల ఈ డెబ్బదియైదేండ్ల కథను విడిచి పిస్తోళ్ళను మాత్రమే కూర్చినవాని సేకరణము, నడిమి పర్వము చినిగిన భారతము వంటిది. ఈ దృష్టితో చూచిన రివాల్వరునకు అతని బీరువాలో స్థానము కలదనియే చెప్పవలెను.

అయితే స్థానము కలదనుట వేరు, అర్హత కలదనుట వేరు. అర్హత వస్తువునకు కాదు, సేకర్తకు కావలసినది. సి. పి. బ్రౌను తాళపత్రములను కూర్చినవాడు. కూర్చి పెట్టెలో పెట్టి తాళము వేసిన యెడల తెలుగుదేశమున ఆయన పేరు నేడెవ్వరును తలచియుండరు. కడపలో పండితులను నియమించి, పాఠములు సరిచూపించి, ప్రతులు వ్రాయించెను. కూర్చినదానిని తెలిసికొనుటయే సేకరణము; తెలియక కూర్చుట నిలువచేయుట.

ఆయుధముల విషయమున ఈ భేదము మరింత స్పష్టము. 1931 ఫిబ్రవరి 27న అలహాబాదు ఉద్యానవనములో చంద్రశేఖర ఆజాదు కడపటిసారి పట్టిన కోల్టు పిస్తోలు, నేడు ప్రయాగరాజ్ అని పిలువబడు ఆ నగరపు మ్యూజియములోనే కలదు. దానిముందు నిలిచిన విద్యార్థికి ఒడలు గగుర్పొడుచును. 1948 జనవరి 30న గాంధీమహాత్ముని పొట్టనబెట్టుకొన్నదియు పిస్తోలే. ఇటలీలో తయారైన బెరెట్టా. ఇనుములో ఉన్న భేద మెంత? ఒకదానిని చూచి చేతులు జోడింతురు, రెండవదానిని తలచి తల వంచుకొందురు. మానవుడు చేసిన పనియే ఆయుధమునకు అర్థము. ఆ పని నెరుగని వాని యింట రెండును తూకమునకు అమ్మదగిన లోహములే.

ఇక ప్రమాదము మాట. 2021లో అమెరికాలో తుపాకుల వలన మరణించినవారు 48,830 మంది. వారిలో 26,328 మంది ఆత్మహత్య చేసికొన్నవారు. అనగా సగమునకు పైగా మరణములలో తుపాకి దొంగను కాక, ఆపదలోనున్న ఇంటివానినే బలిగొన్నది. దుఃఖము ఒక రాత్రి గడచిన తగ్గవచ్చును; చేతికందిన తుపాకి ఆ రాత్రిని గడవనీయదు. ఇది తెలిసియు, ఇంట పిల్లలుండగా, మనసు చెదరిన యువకుడుండగా, తాళము లేని సొరుగులో రివాల్వరు పెట్టువాడు సేకర్త కాడు. అతని కెంత చరిత్ర తెలిసినను ప్రయోజనము లేదు.

అమెరికా చట్టము ఈ విషయమున సేకర్తకు చాల చనవిచ్చినది. 1898లో గాని అంతకు ముందు గాని తయారైన తుపాకి 1968 నాటి కేంద్ర చట్టములో పురాతన వస్తువుగా పరిగణింపబడును. ఏబదియేండ్లు దాటిన ఆయుధములను కొనుటకు సేకర్తలకు ప్రత్యేకమైన లైసెన్సు కలదు. వచ్చినదానిని, పోయినదానిని పుస్తకములో వ్రాసియుంచవలెను. ఎన్ని కూర్చవలెనో ఆ చట్టము చెప్పదు. భారతదేశపు మార్గము వేరు. 1959 నాటి ఆయుధ చట్టమునకు 1983లో జరిగిన సవరణ ఒక్కొక్కరికి మూడు తుపాకుల హద్దు పెట్టినది. 2019 సవరణ దానిని రెండునకు తగ్గించినది. తాతతండ్రులనుండి సంక్రమించినవానికిని ఆ హద్దు తప్పలేదు. మూడవది కలవారు ఏడాదిలోగా దానిని పోలీసు ఠాణాలో గాని, లైసెన్సు గల వ్యాపారివద్ద గాని అప్పగింపవలసివచ్చెను. ఎన్నో యిండ్లలో తాతగారి తుపాకిని గూర్చి బాధపడియుందురు. ఆ బాధ అర్థము లేనిది కాదు. కాని ఆ హద్దు ఒక మంచి పాఠము చెప్పినది. క్రొత్తది రావలెనన్న పాతది ఒకటి పోవలెను. అప్పుడు మానవుడు నిజముగా ఆలోచించును. సంకలనకర్త విలువ అతడు చేర్చిన పద్యముల వలన కంటె, విడిచిన పద్యముల వలననే తెలియును.

ఆయుధములను కూర్చి దాచుట తెలుగువారికి క్రొత్త ఊహ కాదు. విరాటపర్వములో పాండవులు తమ ఆయుధములను జమ్మిచెట్టుపై దాచిరి. బృహన్నల వానిని దింపించినపుడు, ఉత్తరుడు ఒక్కొక్కదానిని చూపి, ఇది యెవరిది, ఇది యెవరిదని యడిగెను. బృహన్నల ప్రతి ధనుస్సునకు, ప్రతి ఖడ్గమునకు దానిని ధరించినవాని పేరు చెప్పెను. ఆయుధాగారమున గురుశిష్యులు నడువవలసిన తీరు అదియే. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియములో ఆయుధముల గదికి విద్యార్థులను కొనిపోవు ఉపాధ్యాయుడు, ఎంత పదునైనదని కాక, ఎవరిదని అడుగుట నేర్పవలెను. అర్జునుడు ఆ రాశినుండి తన పనికి కావలసినవి గైకొని, పని తీరిన పిమ్మట గాండీవమును మరల ఆ చెట్టుమీదనే ఉంచెను. దసరానాడు జమ్మిని పూజించువారు ఆయుధము దింపిన ఘట్టమును తలతురు. తిరిగి ఉంచిన ఘట్టమును గూడ తలచినచో పూజ పూర్ణమగును.

కాబట్టి ఆ సేకర్త రివాల్వరును కొనవచ్చును. కాని ఒక్కటే కొనవలెను. దాని పుట్టుక తెలిసికొని, తెలిసినది వ్రాసియుంచవలెను. తూటాలు లేకుండ దానిని తాళములో నుంచవలెను. చట్టము కోరకున్నను, తనకు తెలియని పిస్తోలు నొకదానిని బీరువానుండి సాగనంపవలెను. ఇవి చేయలేని యెడల కొనకుండుటయే ఉత్తమము.

1873 నాటి కోల్టు రివాల్వరు వాడినవారు ఒక జాగ్రత్త పాటించెడివారు. దాని సుత్తి మొన నేరుగా తూటామీదనే ఆనియుండును. తుపాకి జారి సుత్తిమీద పడినచో అదియే పేలును. అందుచేత ఆరు అరలలో అయిదు మాత్రమే నింపి, సుత్తి క్రింది అరను ఖాళీగా విడిచెడివారు. ఆ జాతి తుపాకులలో ఈ లోపమును దిద్దు ఏర్పాటును రూగరు అను అమెరికా సంస్థ 1973లో తెచ్చినది. అంతవరకు నూరేండ్లు ఎందరో ప్రాణములను కాపాడినది తూటా ఉన్న అర కాదు, తూటా లేని అర. సేకర్త బీరువాలోను అట్టి ఖాళీ యొకటి ఉండవలెను. కొనగలిగియు కొనని ఆయుధమునకు అది స్థానము.