కలుపు చేపయని చిన్నచూపు తగదు

చేనిలో కలుపు తీయుట రైతునకు ధర్మమే. కాని నీటిలోని ప్రతి చిన్న చేపను గూడ కలుపుగా నెంచుట న్యాయము గాదు. మన సముద్రతీరపు కాలువలలో నుండు పాంచాక్సు అను చేప యిందుకు నిదర్శనము.

దోమ సంగతి మనకు క్రొత్త గాదు. బోరబండకును అమీరుపేటకును చేరువనున్న బేగంపేటలోనే 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డు రాసుగారు మలేరియా క్రిమిని దోమ కడుపులో కనుగొనిరి. పిమ్మట దోమపిల్లలను నీటిలోనే రూపుమాపు నుపాయములు వెదకబడినవి. 1928లో ఇటలీనుండి గాంబూసియా చేప మన దేశమునకు తేబడెను. ఇటీవల హైదరాబాదు చెరువులలోను దానిని విడిచిరి. అది దోమపిల్లలను తినుట నిజమే. కాని యితర చేపల గ్రుడ్లను, పిల్లలను, కప్పపిల్లలను గూడ తినును. లోకమున మిక్కిలి హానికరములైన నూఱు పరదేశ జీవుల పట్టికలో దాని పేరున్నది.

ఇక మన చేపను జూడుడు. సాధారణముగా రెండు మూడంగుళములకు మించదు. తల చదును, నోరు మీదికి తెఱచుకొనును, నెత్తిమీద వెండిచుక్క యుండును. అందుచేతనే మలయ భాషలో దీనిని ‘తగరపు తల’ యందురు. ఏటి మొగలలోను, మడ అడవుల పాయలలోను, వరిచేల కాలువలలోను నివసించును. ఉప్పునీటికిని మంచినీటికిని ఓర్చును. నీటి పైపొరను విడువక తిరుగును. దోమపిల్ల గాలికై పైకి రాక తప్పదు గనుక దాని నోట బడును. ఆడుచేప గ్రుడ్లను నాచునకు, నీటిమొక్కలకు అంటించును; రెండు వారములలో అవి పిల్లలగును. కాలువలోని పచ్చనంతయు నూడ్చివేసినచో దానికి పురిటిల్లు లేనట్లే.

చేపల చెరువు సాగునకు ముందు ఇప్పపిండి చల్లి కలుపు చేపలను చంపుట ఆచారము. పెంపుడు చేపల మేతను కాపాడుట కది అవసరమని రైతులందురు. ఆ మాట కాదనను. అయితే విషము విఱుగకమునుపే ఆ నీటిని ఊరి కాలువలోనికి వదలుటయు, పురుగుమందు డబ్బాలను కాలువలో కడుగుటయు ఎంతమాత్రము తగవు. లాభ మొక్కరిది, జ్వరము ఊరందఱిది.

ఇట్లనుటచే తీరపు చేపను తెచ్చి హైదరాబాదు చెరువులలో వేయుమని నా భావము గాదు. అదియు మఱియొక గాంబూసియా కథ కావచ్చును. ఏ నీటి చేప ఆ నీటికే తగును. మెట్టప్రాంతపు రైతు తన చెరువులో ననాదిగానున్న చిన్న చేపలనే కాపాడుకొనవలెను.

చేపవలన సర్వము తీఱదు. డెంగీ దోమ తొట్లలోను, పాత టైర్లలోను పెరుగును; ఆ నీటిని పాఱబోయుట మన చేతి పనియే.

కావున సంఘసభ్యులు రెండు నియమములు చేసికొనవలెనని నా మనవి: కాలువ బాగుచేయునపుడు ఒక ప్రక్క కొంత నీటిమొక్కను విడిచిపెట్టుట, మందునీటిని కాలువలోనికి వదలకుండుట. ఇందులకు పైకము అక్కఱలేదు, పట్టుదల చాలును.