యార్డులో 'బెస్ట్' ఫస్ట్ కాదు

ఏ రీల్ కిందైనా చూడండి, 'బెస్ట్ బ్రో' అని ఒక కామెంట్ గ్యారంటీ. గుడ్, బెటర్, బెస్ట్ అని మనం బళ్లో బట్టీ పట్టినప్పుడు కూడా ఆ పైన ఇంకో మెట్టు లేదు.

గుంటూరు మిర్చి యార్డులో ఉంది. పేరు డీలక్స్.

తేజ రకమే తీసుకోండి. నిగనిగలాడే ఎరుపు, సరిగ్గా ఎండిన కాయ, తాలు కలవని సరుకు అయితే డీలక్స్. ఆ తర్వాతే బెస్ట్. దాని కింద 'మీడియం బెస్ట్' (మా ఇంగ్లిష్ మాస్టారు వింటే బెత్తం అందుకునేవారు!). తర్వాత మీడియం. అన్నిటికీ అడుగున, రంగుపోయి తెల్లబారిన తాలు కాయ. వ్యాపారులు దాన్ని ఫట్కీ అంటారు.

గ్రామర్‌ని పక్కకు నెట్టేసిన ఈ వరస నాకు భలే నచ్చుతుంది. రైతుకి మాత్రం ఇది సరదా కాదు. 'మీది బెస్టేనండీ' అన్నారంటే, మార్కాపురం వైపు నుంచి టిక్కీలు వేసుకొచ్చిన పెద్దాయన మొహం వాడిపోతుంది. డీలక్స్ రేటు రాదని అర్థం కదా! ఆ ఒక్క మాటకి క్వింటాకి వందల్లో తేడా. ఆడకూలీలు కళ్లాల్లో ఎండలో కూర్చుని తాలు ఏరేది ఇందుకే. కాయ ఆరబోశాక ఒక్క వాన పడిందా, రంగు దిగిపోతుంది. పొలంలో డీలక్స్ అనుకున్నది యార్డుకొచ్చేసరికి మీడియం.

గుంటూరు ఫ్రెండ్ ఎవరైనా మిమ్మల్ని 'బెస్ట్ ఫ్రెండ్' అంటే, డీలక్స్ ఎవరో ఒకసారి కనుక్కోండి.