ఆడితేనే బతికే ఆటలు: మ్యూజియం కట్టినా తీరని చిక్కు

మ్యూజియంలో ‘వస్తువులను తాకరాదు’ అన్న బోర్డు మనకు అలవాటే. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం, రోచెస్టర్ పట్టణంలోని స్ట్రాంగ్ ఆటల మ్యూజియంలో సంగతి తలకిందులు. అక్కడ తాకాలి, మీటలు నొక్కాలి, ఆడి ఓడాలి కూడా. వీడియో గేముల చరిత్రను, తయారీని తెలియజెప్పేందుకు 2023 జూన్‌లో అక్కడ పెద్ద భాగాన్ని కొత్తగా తెరిచారు. 1981 నాటి జపాను ఆట ‘డాంకీ కాంగ్’ యంత్రాన్ని దాదాపు 20 అడుగుల ఎత్తున నిలబెట్టారు. అది ఉత్త బొమ్మ కాదు, ఆడుకోవచ్చు.

పిల్లల ఆటలకు ఇంత హడావిడి ఎందుకని పెద్దలు అడగవచ్చు. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో హిగిన్‌బాథమ్ అనే శాస్త్రవేత్త సందర్శకుల కోసం ఒక చిన్న తెరమీద టెన్నిస్ ఆట తయారుచేశారు. జనం బారులు తీరారు. మరుసటి సంవత్సరం మళ్ళీ చూపించి, ఆపైన యంత్రాన్ని విప్పేశారు. దాచాలన్న ఆలోచనే ఎవరికీ తోచలేదు.

ఆట తయారీలోని కిటుకు ఆడితేనే బోధపడుతుంది. 1978లో జపానులో నిషికాడో రూపొందించిన ‘స్పేస్ ఇన్వేడర్స్’లో 55 శత్రు బొమ్మలు వరుసలుగా దిగివస్తాయి. కొన్నిటిని కూల్చేకొద్దీ మిగిలినవి వేగం పుంజుకుంటాయి. గీయవలసిన బొమ్మలు తగ్గేసరికి ఆనాటి యంత్రానికి పని తేలికై వచ్చిన వేగమది. ఆయన దానిని సరిదిద్దక అలాగే ఉంచారు. ఆటకు పట్టు అక్కడే వచ్చింది. ఫోటో చూపిస్తే ఇది ఎవరికి తెలుస్తుంది?

మన గుళ్ళ మంటపాల్లో రాతిమీద చెక్కిన పులిజూదం గీతలు నేటికీ ఉన్నాయి. నాలుగు గులకరాళ్ళు ఏరుకుంటే ఆట సాగుతుంది. వీడియో గేముకు ఆ భాగ్యం లేదు. తుపాకీతో బాతులను కొట్టే 1984 నాటి ‘డక్ హంట్’ పాత డబ్బా టీవీ ముందు తప్ప పనిచేయదు. కొత్త పలక టీవీ ముందు ఆ తుపాకీ గురి అందుకోదు. పైగా ఆడనిస్తే యంత్రం అరుగుతుంది, ఆడనివ్వకపోతే మ్యూజియం ఉండీ లాభం లేదు.

ఇంతకన్నా గట్టి చిక్కు చట్టానిది. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటలలో 87 శాతం నేడు బజారులో దొరకవని 2023లో అక్కడి ఒక అధ్యయనం తేల్చింది. దొరకని ఆటలకు నకలు తీసి దాచేందుకు గ్రంథాలయాలకు, మ్యూజియాలకు అనుమతి ఉన్నది. అయితే ఆ నకలు వారి భవనం దాటరాదు. ఇతర కంప్యూటర్ ప్రోగ్రాములను మాత్రం పరిశోధకులకు దూరం నుంచి చూపవచ్చు! ఆటలకూ ఆ వెసులుబాటు కావాలని కోరగా 2024 అక్టోబరులో ప్రభుత్వం నిరాకరించింది. పరిశోధన పేరిట జనం ఉచితంగా ఆడుకుంటారని కంపెనీల భయం.

తమ సరుకుపై తయారీదారుకు హక్కు ఉండవలసిందే. కాని అమ్మకానికే పెట్టని సరుకుకు నష్టం ఏపాటి? హైదరాబాదులో ఈ విద్య నేర్చుకునే కుర్రవాడు అలాంటి పాత ఆటను అక్కడి మ్యూజియం ద్వారా చూడాలంటే విమానం ఎక్కవలసిందే. ఈ మినహాయింపులను మూడేళ్ళకోసారి తిరిగి పరిశీలిస్తారు. తదుపరి విడత 2027లో వస్తుంది.