గృహనిర్మాణము – లైసెన్సుదారుల బాధ్యత

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అను సామెత గృహస్థుని కష్టమును గూర్చి పుట్టినది. నేటి కాలమున ఆ కష్టము కట్టుటతో ముగియుట లేదు. గృహప్రవేశమైన పిమ్మట మరల ఆరంభమగుచున్నది. రెండవ వర్షాకాలమునకే శ్లాబు కారుట, మూడవ యేట గోడలు బీటలు వారుట, కొలది యేండ్లకే దూలములలోని ఇనుము త్రుప్పుపట్టి పెచ్చులూడుట పట్టణవాసులకు వింత విషయములు గావు. ఇందుకు బాధ్యుడైన కంట్రాక్టరు ఏమగుచున్నాడు? అదృష్టవంతుడైన యజమానికి కొంత నష్టపరిహారము దొరకవచ్చును. కంట్రాక్టరు మాత్రము అదే లైసెన్సుతో మరియొక వీధిలో మరియొక ఇంటికి పునాది త్రవ్వించుచునే యుండును. మనము ముఖ్యముగా విచారింపవలసినది ఈ రెండవ సంగతిని.

కక్షిదారుని సొమ్ము కాజేసిన న్యాయవాది ఆ సొమ్ము తిరిగి చెల్లించినంత మాత్రమున విడువబడడు. 1961 నాటి అడ్వొకేట్ల చట్టము ప్రకారము బార్ కౌన్సిలు అతనిని విచారించి, కొంతకాలము వృత్తినుండి తప్పింపవచ్చును. పట్టికనుండి అతని పేరునే కొట్టివేయవచ్చును. ఏలయన అతడు చేసిన అపరాధము ఒక కక్షిదారునితో తీరునది గాదు. రేపు అతని గడప త్రొక్కబోవు ప్రతివానికిని అది సంబంధించినది. ఈ వివేకము మనకు పరదేశమునుండి అరువు వచ్చినది గాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున కంటకశోధనమను నాల్గవ అధికరణము కారుకరక్షణముతో, అనగా పనివారివలన ప్రజలకు హాని కలుగకుండ కాపాడుటతో, మొదలగుచున్నది. చెప్పిన పనిని వేరువిధముగ చేసినవానికి కూలి పోవుటయే గాక, దానికి రెట్టింపు దండము కూడ అందు విధింపబడినది. కూలి లెక్క యజమానికిని పనివానికిని నడుమ తీరునది. దండము లోకరక్షణార్థము రాజ్యము విధించునది. ఈ రెండు ఋణములలో మొదటిదానిని మాత్రమే మనము నేడు వసూలు చేయుచున్నాము, అదియును అరకొరగా.

గృహనిర్మాణమున ఈ రెండవ ఋణము మరింత ముఖ్యమగుటకు కారణము కలదు. బట్ట నాసిదైన చేతితో తడిమి తెలిసికొందుము. బియ్యము పుచ్చినవైన చేటలో పోసి చూతుము. కాంక్రీటు మంచిచెడ్డలు స్తంభముల లోపల దాగియుండును. ఐ.ఎస్. 456 అను భారతీయ ప్రమాణము (2000) ప్రకారము ఇనుము వేసిన కాంక్రీటు సామాన్యముగా ఎం20 తరగతికి తక్కువ గాకూడదు. అనగా 15 సెంటీమీటర్ల ఘనముగా పోసి, 28 రోజుల పిమ్మట యంత్రముపై నలిపి చూచినపుడు అది చదరపు మిల్లీమీటరునకు 20 న్యూటనుల ఒత్తిడికి ఓర్చుకొనవలెను. పోసిన కాంక్రీటును సిమెంటు జాతినిబట్టియు, ఎండతీవ్రతనుబట్టియు 7 రోజులకో 10 రోజులకో తక్కువ గాకుండ తడిగా నుంచవలెను. పని సులువుగా సాగుటకై మాలులో నీరు ఎక్కువ పోసినను, నాల్గవనాడే తడుపుట మానినను, ఇనుపకడ్డీల చుట్టు ఉండవలసిన కాంక్రీటు పొర పలుచనైనను, పైన సున్నము పడిన పిమ్మట యజమాని కనిపెట్టలేడు. అతనికి బదులుగా చూచు ప్రజల కన్నే లైసెన్సు. ఆ కన్ను మూసికొన్నచో మిగిలినది రశీదు కాగితము మాత్రమే.

కన్ను మూసికొన్నపుడేమి జరుగునో మనకు తెలియకపోలేదు. 2014 జూన్ 28వ తేదీన చెన్నై శివారున మౌలివాక్కములో నిర్మాణమందున్న 11 అంతస్తుల నివాసభవనము కూలి 61 మంది మృతినొందిరి. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలనుండి పొట్టకూటికై వలసపోయిన కూలీలు వారిలో ఉండిరి. ప్రక్కనున్న జంటభవనమును కూడ నిలువనీయరాదని 2016 నవంబరు 2వ తేదీన ప్రేలుడు పదార్థములతో కూల్చివేసిరి. 2022 ఫిబ్రవరి 10వ తేదీన గురుగ్రాములో కుటుంబములు కాపురమున్న భవనమున ఆరవ అంతస్తులో కూలిన భాగము క్రింది అంతస్తులను గూల్చుకొనుచు దిగి, ఇద్దరు స్త్రీలను బలిగొన్నది. ఇనుమును తినివేయు క్లోరైడు లవణములు ఆ కాంక్రీటులో ఉన్నట్లు పిమ్మట నిపుణుల పరీక్షలో బయటపడినది. చెడుపని ఫలమును మొదట అనుభవించువారు కూలీలు, తరువాత కాపురస్థులు. చేయించినవాడు సామాన్యముగా దూరమున నుండును.

మనకు చట్టములు లేవని చెప్పుట అన్యాయము. గృహనిర్మాణము వినియోగదారుని చట్టమునకు లోబడిన సేవయే యని 1993లో లక్నో అభివృద్ధి సంస్థ వ్యాజ్యెమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము, వాడుకలో రేరా, మరియొక అడుగు ముందుకు వేసినది. స్వాధీనము చేసిన నాటినుండి అయిదేండ్లలోపల కట్టడపు లోపము, పనితనపు లోపము బయటపడి కొనుగోలుదారు తెలిపినచో, 30 రోజులలో ప్రమోటరు ఉచితముగా బాగుచేయవలెను, లేనిచో పరిహారమీయవలెను. ఇది మేలైన నియమమే. కాని దీని హద్దులను గుర్తింపవలెను. 500 చదరపు మీటర్లకు మించని స్థలమున గాని, ఎనిమిదికి మించని ఇండ్లుగా గాని కట్టువానికి రిజిస్ట్రేషను అక్కరలేదు. తన స్థలమున తానే కంట్రాక్టరుచేత ఇల్లు కట్టించుకొను గృహస్థునికి ఈ చట్టము అక్కరకు రాదు. అన్నిటికంటె ముఖ్యముగా, రేరా రిజిస్ట్రేషను ప్రాజెక్టునకు సంబంధించినది; కాంక్రీటు పోయించిన కంట్రాక్టరు అందు లైసెన్సుదారుడుగా కనబడడు.

ఇక మన పురపాలక నిబంధనలను చూతము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2012లో వెలువరించిన భవననిర్మాణ నిబంధనలు డెవలపరునకు, బిల్డరునకు, సాంకేతిక సిబ్బందికి లైసెన్సు తప్పనిసరి చేసినవి. మంజూరైన ప్లానును అతిక్రమించి కట్టిన లైసెన్సుదారును బ్లాకులిస్టులో చేర్చి, లైసెన్సు రద్దుచేయుటకు కూడ వానిలో అవకాశమున్నది. పాఠకులు ఈ మాటను మరల చదువవలెను: ప్లాను అతిక్రమణము. రోడ్డువైపు మూడడుగులు ముందుకు జరిపినవాడు నేరస్థుడు. ప్లాను గీత దాటకుండ నాసిసరకుతో కట్టినవాడు నిర్దోషి వలె తిరుగుచున్నాడు. కొలతబద్దకు అందిన తప్పునకు శిక్ష, అందనిదానికి ఉపేక్ష యనుట న్యాయము గాదు.

ఇతర దేశములు ఈ చిక్కును ఎట్లు విప్పుకొన్నవి? అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 1929నుండి కంట్రాక్టర్ల లైసెన్సు వ్యవస్థ కలదు. అచ్చటి చట్టము ప్రకారము, వృత్తిలో అంగీకృతమైన మంచిపనితనపు ప్రమాణమునుండి బుద్ధిపూర్వకముగా గణనీయముగ తొలగుటయే శిక్షకు చాలిన కారణము. బోర్డు ఆరోపణపత్రము నిచ్చును. కంట్రాక్టరు కోరినచో పరిపాలనా న్యాయాధికారి యెదుట విచారణ జరుగును. లైసెన్సును నిలిపివేయవచ్చును, రద్దుచేయవచ్చును. రద్దైన లైసెన్సు కనీసమొక సంవత్సరము గడువక, కలిగించిన నష్టము తీర్చక మరల లభింపదు. లైసెన్సు పోగొట్టుకొన్నవాడు పేరు మార్చి మరియొక కంపెనీకి అధికారియై దొడ్డిదారిన ప్రవేశించుట నిషిద్ధము. 2023 జనవరినుండి ప్రతి కంట్రాక్టరును 25,000 డాలర్ల హామీబాండు ఉంచవలెను. లైసెన్సు చరిత్రను ఎవరైనను ఖర్చులేకుండ చూచుకొనవచ్చును.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్సు దెబ్బతిని నేర్చినది. 2018 డిసెంబరు 24న, క్రిస్మసు ముందునాడు, సిడ్నీలో ఓపల్ టవరను 36 అంతస్తుల క్రొత్త భవనము బీటలు వారి, కాపురస్థులు ఇండ్లు విడిచి పోవలసివచ్చెను. 2020లో ఆ రాష్ట్రము చేసిన చట్టము ప్రకారము, తీవ్రమైన లోపము కనబడినచో నివాసయోగ్యతా పత్రమునే నిలిపివేయవచ్చును. బిల్డరు తన ఖర్చుతో సరిదిద్దవలెనని ఆజ్ఞాపింపవచ్చును. జనులు కాపురము చేరకముందే అధికారము మేల్కొనుట ఇందలి విశేషము.

ఇట్టి అధికారమును మన పురపాలక సంఘముల చేతికిచ్చినచో లంచములకు మరియొక ద్వారము తెరచినట్లగునని పలువురు శంకింతురు. శంక నిర్హేతుకము గాదు. కంట్రాక్టర్ల పక్షమున కూడ చెప్పవలసినది కలదు. సిమెంటు పూతపై వెంట్రుకవాసి బీట వేరు, స్తంభమును చీల్చు బీట వేరు. సగము ధరకు పని కోరి, బిల్లులు బిగబట్టి, కట్టడము నడుమ గోడలు మార్పించి, తుదకు నింద మేస్త్రీపై వేయు యజమానులును లేకపోలేదు. అందుచేతనే శిక్షాధికారము ఒక ఇన్‌స్పెక్టరు ఇష్టమునకు వదలరాదు. స్వతంత్ర ఇంజనీర్ల పరీక్ష, నోటీసు, ఇరుపక్షముల వాదము, కారణములతో కూడిన లిఖితాజ్ఞ, అప్పీలు – ఈ అయిదును ఉండవలెను. చీకటిలోని అధికారము లంచమునకు పుట్టినిల్లు. ప్రకటితమైన ఆజ్ఞను అమ్ముకొనుట అంత సులభము గాదు.

ఉభయ తెలుగు రాష్ట్రములును చేయదగిన పనులు కష్టసాధ్యములు గావు. చెడుపనితనమును లైసెన్సుపై చర్యకు ప్రత్యేక కారణముగా నిబంధనలలో స్పష్టముగ వ్రాయవలెను. చిన్న ఇండ్లు కట్టు కంట్రాక్టరునకును సులభరుసుముపై లైసెన్సునిచ్చి, హామీసొమ్ము పుచ్చుకొనవలెను. ప్రతి శ్లాబునకును కాంక్రీటు పరీక్షాఫలితమును ఇంటి దస్త్రమున చేర్చవలెను. శిక్షితుల పట్టికను తెలుగులో ప్రకటింపవలెను. రద్దైనవాడు భార్య పేరిటనో బావమరది పేరిటనో తిరిగి రాకుండ చూడవలెను.

భూస్వాములకు కూడ ఒక మాట. స్థలమును డెవలపరున కిచ్చి అపార్టుమెంటులలో వాటా పుచ్చుకొనువారు తమకు కాంక్రీటుతో పనిలేదని తలచుచున్నారు. కట్టువాడొకడు, అమ్మువాడొకడు అయినపుడు ఇరువురిని ప్రమోటర్లుగానే ఎంచి, ఉమ్మడి బాధ్యత మోపుచున్నది రేరా చట్టము. తమ వాటాను అమ్ముకొను భూస్వామి ఈ నియమమునుండి తాను దూరమని నిశ్చింతగా నుండరాదు. కావున ఒప్పందముపై సంతకము చేయకముందు ఎన్ని చదరపు అడుగులు వచ్చునని అడుగుటతో పాటు, ఇతడు పూర్వము కట్టిన ఇండ్లు ఎట్లున్నవని కూడ అడుగవలెను. ఆ ప్రశ్నకు నమ్మదగిన సమాధానము పురపాలక కార్యాలయమున దొరకునట్లు చేయుట ప్రభుత్వముల విధి. అది జరుగువరకు లైసెన్సు రుసుము వసూలు చేయు నైతికాధికారము వానికి లేదు.