రష్యా పటం – చిలమత్తూరు మన్ను

చిలమత్తూరు వాడికి రష్యా భూగోళంతో పనేమిటని హాస్టలు మిత్రులు నవ్వారు. నవ్వవలసిందే! నేను చదివేది బి.యస్సీ., మా యింట్లో అందరూ సేద్యగాళ్ళు. అయినా ఈ సంచికకు ఏదైనా వ్రాయమన్నప్పుడు నా మనసులో మెదిలింది ఇదొక్కటే.

మా పెద్దనాయన ట్రంకుపెట్టెలో తెలుగులో అచ్చయిన పాత సోవియట్ పుస్తకాలు కొన్ని వున్నాయి. ఒకదానిలో మడతలు నలిగిన పటం వుంది. చిన్నప్పుడు అందులోని వూళ్ళ పేర్లు బట్టీపట్టి బళ్ళో గొప్పలు పోయేవాణ్ణి. తర్వాత తెలిసింది, ఆ పేర్లు చాలా ఇప్పుడు లేవని! స్టాలిన్‌గ్రాడ్ 1961లోనే వోల్గోగ్రాడ్ అయింది. గోర్కీ 1990లో నిజ్నీ నోవ్‌గొరోద్ అయింది. 1991లో కూబిషెవ్ సమారాగా, లెనిన్‌గ్రాడ్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌గా మళ్ళీ పాతపేర్లు పెట్టుకున్నాయి. పేర్లు మారాయి గాని వోల్గా అక్కడే వుంది. మా సంగతీ అంతే. 2022లో అనంతపురం జిల్లా నుంచి విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాం. అంతమాత్రాన వాన పెరిగిందా?

భూగోళశాస్త్రమంటే పట్టణాల జాబితా కాదు. మన్ను, నీరు, గాలి, వాటిని నమ్ముకొన్న మనిషి - ఇదీ భూగోళం. రష్యాను ఇలా చదివితే మన కరువుసీమకు పనికివచ్చే పాఠాలు దొరుకుతాయని నా అభిప్రాయం.

లెక్క చూడండి. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటు వాన సుమారు 55 సెంటీమీటర్లు. వోల్గోగ్రాడ్‌లో అంత కూడా లేదు, 40 లోపే. అయినా ఆ సీమలో గోధుమ పండుతుంది! కారణమేమిటి? అక్కడ చలికాలపు మంచు పొలం మీదే నిలిచి, ఎండలు మొదలయ్యేసరికి కరిగి పదునుగా లోపలికి దిగుతుంది. మనకున్నంత ఎండ లేదు గనుక ఆవిరయ్యేదీ తక్కువ. ఆ పైన వొరోనెజ్ వైపు పోతే చెర్నోజ్యోమ్ అనే నల్లమన్ను కొన్నిచోట్ల మీటరు లోతు వుంటుంది. వేల ఏళ్ళ గడ్డివేళ్ళు కుళ్ళి తయారయిన సారమది. మనకో? పడితే ఒక్క రాత్రే పడుతుంది, ఎర్రమన్నును వెంటబెట్టుకొని వంకలో పడి పోతుంది. మిగిలింది ఎండకూ గాలికీ సరి. కనుక అసలు లెక్క పడిన వానది కాదు, నిలిచిన పదునుది!

మరి అంత మన్ను వున్న రష్యాకు కరువు రాలేదా? వచ్చింది. 1891లో వోల్గా తీరమూ, నల్లమన్ను సీమా కూడా ఆకలితో అలమటించాయి. ఆ మన్ను మీద 1883లోనే పెద్ద గ్రంథం వ్రాసిన దొకుచాయెవ్ దేవుణ్ణో వాననో తిట్టి వూరుకోలేదు. 1892లో వొరోనెజ్ సీమలోని కామెన్నయా స్తెప్‌కు పరిశోధకులతో పోయి, చేలకు గాలి తగలకుండా చెట్ల వరుసలు పెట్టించాడు, కుంటలు త్రవ్వించాడు. ఆ చెట్ల వరుసలు నేటికీ వున్నాయి.

తప్పు చేసిన పాఠం కూడా వుంది. 1954 నుంచి ఆల్తాయ్ సీమలోనూ, ఉత్తర కజక్‌స్థాన్‌లోనూ బీడుభూములు లక్షల హెక్టార్లు దున్ని గోధుమ వేశారు. మొదట గాదెలు నిండాయి. 1960ల నాటికి దుమ్ము తుఫానులు లేచి పైమన్ను ఎగిరిపోయింది. ఇది చదువుతుంటే నాకు మా వూరి చేలే కనిపించాయి. మా జేజి కాలంలో రాగి, కొర్ర, కంది, అలసంద కలిసి వుండే చేలల్లో తర్వాత చెనిక్కాయ ఒక్కటే మిగిలింది. చెనిక్కాయ నాలుగు డబ్బులు తెచ్చిన మాట నిజమే. కాని ఒకే పైరును నమ్ముకొన్న సంవత్సరం వాన తప్పితే ఏం మిగిలింది?

చెనిక్కాయ అంటే గుర్తొచ్చింది. 1941లో లెనిన్‌గ్రాడ్‌ను శత్రుసేనలు ముట్టడించినప్పుడు అక్కడి విత్తన సంస్థలో షూకిన్ అనే శాస్త్రజ్ఞుడుండేవాడు. ఆయన పని వేరుశెనగ విత్తనాలు కాపాడటం. ఆ ముట్టడిలో ఆయన ఆకలితో తన బల్ల దగ్గరే ప్రాణం విడిచాడు, విత్తనం మాత్రం తినలేదు! ఆ సంపద కూడబెట్టిన వావిలోవ్, ఒకప్పుడు తాను పాఠాలు చెప్పిన సరాతోవ్ నగరంలోనే 1943లో జైలులో మరణించాడు. పటంలో సరాతోవ్ ఒక చుక్క. చుక్క వెనుక ఇంత కథ!

ఇక నా సంగతి. మొన్న సెలవుల్లో నాయన అడిగినాడు: "ఏమప్పా, సైన్సు సదువుతాండావు గదా. రెండు బోర్లు ఎండిపాయె. అప్పు జేసి మూడోది ఏయల్నా, వద్దా? నువ్వే సెప్పు." నా దగ్గర జవాబు లేదు. నోవోసిబిర్స్క్ ఓబ్ నది మీద వుందని చెప్పగలను గాని, మా చేనులో ఎర్రమన్ను ఎన్ని అడుగులుందో చెప్పలేను! సిగ్గుతో మరుసటి రోజు గడ్డపార తీసుకొని మూడుచోట్ల గుంతలు తీశాను. రెండుచోట్ల అడుగున్నర లోతుకే గరుసు తగిలింది. నాయన చూసి ఏమీ అనలేదు. బోరు మాటా తర్వాత ఎత్తలేదు. గట్టు మాత్రం ఇద్దరం కలిసి ఎత్తుగా వేశాం. పైరు నిలుస్తుందో లేదో ఇంకా తెలియదు.

"ఇదంతా ప్రభుత్వం చేయవలసిన పని, విద్యార్థులకెందుకు?" అనవచ్చు. దొకుచాయెవ్‌ది పెద్దపనే, ఒప్పుకుంటాను. కాని కొలవడం చిన్నపని. మనలో సగంమంది పల్లెల నుంచి వచ్చినవాళ్ళమే. ఎవరి వూళ్ళో వాళ్ళం మన్ను ఎంత లోతు, చెరువులో పూడిక ఎంత, వాన ఎప్పుడు ఎంత పడింది అనే మూడు సంగతులు కొలిచి వ్రాసుకోలేమా? భౌతిక, రసాయన, వృక్షశాస్త్రాల అధ్యాపకులు దారి చూపితే చాలు. వార్షికోత్సవపు అలంకరణల ఖర్చులో కొంత తగ్గించి సంఘం వర్షమాపకాలు కొని ఇవ్వాలని నా మనవి. వచ్చే సంచికలో ఆ లెక్కలే అచ్చు వేద్దాం.

మిత్రులారా! రష్యా పటం నేర్చుకోండి, తప్పులేదు. కాని మీ నాయన అడిగే ప్రశ్నకు జవాబు మీ చేనులోనే వుంది. ఈ సెలవులకు పోయేటప్పుడు పుస్తకాలతో పాటు ఒక టేపు కూడా తీసుకుపొండి.