ఘాజియాబాద్ షెడ్డులో సీఎన్‌సీ: చట్రం మనది, మిగతాది ఎవరిది?

‘ఒక జిల్లా, ఒక ఉత్పత్తి’ పథకం కింద ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఘాజియాబాద్‌కు ఎంచుకున్నది ఇంజినీరింగ్ సామగ్రి. సాహిబాబాద్, బులంద్‌షహర్ రోడ్ పారిశ్రామిక వాడలను చూసినవారికి అందులో వింతేమీ కనిపించదు. అయితే చిన్న వర్క్‌షాపుకు కంప్యూటర్ ఆదేశాలతో పనిచేసే సీఎన్‌సీ యంత్రం కొనాలంటే లక్షల్లో మాట. అందుకే సొంతంగా తయారు చేసుకోవాలనే ఆలోచన.

ఇప్పుడది అసాధ్యమేమీ కాదు. 2009లో వచ్చిన జీఆర్‌బీఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను చిన్న ఆర్డ్యునో బోర్డులో ఎక్కిస్తే, అది జీ-కోడ్‌ను మోటార్ల కదలికగా మారుస్తుంది. ఇనుప చట్రం, స్టెప్పర్ మోటార్లు, స్పిండిల్ కలిపితే చెక్కను, యాక్రిలిక్‌ను, పలుచని అల్యూమినియాన్ని కోసే యంత్రం సిద్ధమవుతుంది.

చిక్కు స్టీలు దగ్గర మొదలవుతుంది. వెల్డింగ్ వేడికి చట్రం వంకర పోతుంది. పోత ఇనుములా అది కంపనాన్ని పీల్చుకోలేదు. భారం పెరిగితే మామూలు స్టెప్పర్ మోటారు అడుగు తప్పుతుంది, తప్పిన సంగతి కంట్రోలర్‌కు తెలియదు. ఖచ్చితత్వం కావాలంటే నాణ్యమైన బాల్‌స్క్రూలు, లీనియర్ గైడ్‌లు, సర్వో మోటార్లు ఉండాలి. వీటిలో చాలావరకు జపాన్, తైవాన్, చైనాల నుంచే రావాలి. పెద్ద కర్మాగారాల యంత్రాల్లోనూ కంట్రోలర్ ఎక్కువగా ఫానుక్‌దో సీమెన్స్‌దో అయి ఉంటుంది.

ఈ ఆధారపడటం వ్యాపార సమస్య మాత్రమే కాదు. జపాన్‌కు చెందిన తోషిబా మెషీన్, నార్వే కాంగ్స్‌బర్గ్ కంట్రోలర్లతో కూడిన యంత్రాలను నిషేధాన్ని దాటి సోవియట్ యూనియన్‌కు అమ్మిన సంగతి 1987లో బయటపడింది. వాటితో జలాంతర్గాముల ప్రొపెల్లర్లు చడీచప్పుడు లేకుండా తిరిగేలా చెక్కుతున్నారని అమెరికా మండిపడింది. యంత్రాలను తయారు చేసే యంత్రాన్ని దేశాలు ఆయుధంతో సమానంగా చూస్తాయి.

మన విధానంలో ఆ పట్టింపు తక్కువ. ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకాలకు కేంద్రం ఎంచుకున్న 14 రంగాల్లో మెషీన్ టూల్స్ లేవు. 2022లో యంత్ర పరికరాల రంగం మొత్తానికీ ప్రకటించిన రెండో దశ పథకం విలువ రూ.1,207 కోట్లే.

షెడ్డులో యంత్రం బిగించే మెకానిక్‌కు సబ్సిడీ కన్నా ముందు కావాల్సింది కొలతలు సరిచూసుకునే చోటు, నాణ్యమైన విడిభాగాలు. హైదరాబాద్‌లో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ లాంటి ఉమ్మడి వర్క్‌షాపులు పారిశ్రామిక వాడలకు చేరువలో ఉండాలి. బాల్‌స్క్రూ ఇక్కడే తయారయ్యే దాకా ‘స్వదేశీ సీఎన్‌సీ’ అన్న మాట చట్రానికే వర్తిస్తుంది.