బాక్టీరియా తింటుంది సరే, ఏరేదెవరు?

ప్లాస్టిక్కును తినే బాక్టీరియా దొరికింది కాబట్టి ఇక చెత్త బాధ తీరినట్టేనని సంబరపడే పెద్దమనుషులున్నారు. సైన్సుకి మేం అడ్డం కాదు. కానీ మన వాడల తరఫున అడగాల్సిన మాట ఒకటుంది.

జపాన్‌లోని సకాయ్ నగరంలో, సీసాల రీసైక్లింగ్ కేంద్రం దగ్గర దొరికిన ఈ బాక్టీరియా సంగతిని అక్కడి శాస్త్రవేత్తలు 2016లో లోకానికి చెప్పారు. ఇడియోనెల్లా సకాయెన్సిస్ అని పేరు పెట్టారు. అది తినేది పెట్ అనే రకాన్ని. మంచినీళ్ళ సీసాలు చేసేది దాంతోనే. 30 డిగ్రీల వేడిలో పల్చటి పొరను హరాయించుకోడానికే ఆరు వారాలు పట్టింది. గట్టి సీసా అయితే ఇంకా కష్టం. క్యారీ బ్యాగు పాలిథీన్, వేరే సరుకు. దాన్ని ఇది ముట్టదు.

మరి బందరు, గుడివాడ మురుగు కాలవల్లో అడ్డం పడేదేంటి? గుర్రపుడెక్కలో చిక్కుకున్న ఆ క్యారీ బ్యాగులే కదా! దివిసీమ శివారుకి నీళ్ళు ఆలస్యంగా వస్తాయి గానీ, పై ఊళ్ళు పారేసిన సంచులు ఠంచనుగా వస్తాయి. వానల్లో మురుగు ఎగదన్నితే ముందు మునిగేది పల్లంలో ఉన్న మన పేటలే.

ఫ్రాన్సులో కార్బియోస్ కంపెనీ వాళ్ళు ఇంకో ఎంజైమును మెరుగుచేసి, పది గంటల్లో 90 శాతం పెట్‌ని విడగొట్టామని 2020లో ప్రకటించారు. అదీ 72 డిగ్రీల వేడిలో, ట్యాంకులో. అంటే ముందు ఎవరో ఒకరు సీసాలు ఏరాలి, వేరు చెయ్యాలి, తొక్కి మూట కట్టాలి.

ఆ ఎవరో ఒకరు ఎవరు? మాల, మాదిగ, యానాది ఆడోళ్ళు, మగోళ్ళు. పారేసే చేతికి లేని అంటు ఏరే చేతికి వచ్చింది. బాక్టీరియాకి లాటిన్ పేరుంది, దానికోసం ల్యాబుంది. మన చెల్లెళ్ళకి గ్లౌజులు కూడా గతిలేవు!

బాక్టీరియా దొరికిన సంగతి బయటికొచ్చిన ఆ 2016లోనే మన దేశంలో ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలొచ్చాయి. సరుకు చేసి అమ్మిన కంపెనీయే చెత్త బాధ్యత మొయ్యాలన్నాయి. కొన్ని రకాల ఒక్కసారి వాడి పారేసే సరుకుని 2022 జూలై 1 నుంచి నిషేధించారు. కాయితం మీద అంతా బాగానే ఉంది. తినే పురుగు దొరికిందిగా అని కంపెనీలు ఇంకా తయారుచేస్తే ఆ భారం పడేది మళ్ళీ మన నెత్తినే.

అందుకే మేమనేది: తయారీ తగ్గించండి. కంపెనీల చేత ఖర్చు కట్టించండి. ఏరేవాళ్ళకి పర్మినెంటు ఉద్యోగం, జీతం, బూట్లు, గ్లౌజులు ఇవ్వండి. బాక్టీరియా వచ్చేదాకా ఆగమంటే ఆగం. ఇన్నాళ్ళూ ఈ ఊళ్ళ చెత్తని మోసింది బాక్టీరియా కాదు, మనం.